పాదిరీ చరిత్రకారుడు, మన గుల్లసున్నం గోడలు

(దొరవారిసత్రంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల మీద తప్ప దేనిమీదనైనా మాట్లాడతానన్నాను. దాని మీద మాట్లాడేవారు మనలో చాలామంది ఉన్నారు, నాకన్న బాగా మాట్లాడతారు కూడా. నేను ఈ పూట ఒక కథోలిక గురువును గురించి చెప్పదలచుకున్నాను. ఈయన మన ఊరివాడు కాదు, మన దేశంలో పుట్టినవాడు కూడా కాదు. అయినా ఆయన రాసిన పెద్ద పుస్తకం మన గడ్డ మీది రాజుల గురించే. పేరు ఫాదర్ హెన్రీ హెరాస్.

హెరాస్ 1888లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పుట్టాడు. చిన్న వయసులోనే యేసు సభలో, అంటే జెస్యూట్ ఫాదర్ల సభలో చేరాడు. 1922లో బొంబాయికి వచ్చాడు. అక్కడి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చరిత్ర చెప్పాలి. ఏ చరిత్ర చెబుతావని ప్రిన్సిపాలు అడిగారట. భారతదేశ చరిత్ర అన్నాడట. నీకు భారతదేశ చరిత్ర ఏం తెలుసు అంటే, ఏమీ తెలియదన్నాడట. మరెట్లా చెబుతావంటే, చదువుకుంటానన్నాడట. ఈ ముచ్చట ఆయన శిష్యులు అందరూ చెప్పుకునేది. ముప్ఫైనాలుగేళ్ల వయసులో కొత్త దేశంలో దిగి, అక్షరం ముక్క తెలియదని ఒప్పుకుని మొదలుపెట్టిన మనిషి అయిదేళ్లలో ఏం చేశాడో చూడండి. 1926లో ఆ కాలేజీలోనే చారిత్రక పరిశోధనకు ఒక సంస్థను నెలకొల్పాడు. 1927లో ఆరవీటి వంశం మీద పుస్తకం అచ్చువేశాడు. ప్రచురించినవారు మన మద్రాసు వారే.

ఆరవీటి వంశమంటే మీకు తెలుసు. 1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయిన తరువాత మిగిలిన రాజ్యాన్ని ఏలినవారు. పెనుగొండ నుంచి, తరువాత చంద్రగిరి నుంచి, ఆపైన వేలూరు నుంచి ఏలారు. మన పాఠ్యపుస్తకాల్లో కృష్ణదేవరాయలు అయిపోగానే విజయనగరం కూడా అయిపోయినట్లే రాస్తారు. తళ్లికోటతో పేజీ తిప్పేస్తారు. ఆ తిప్పేసిన పేజీలో వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. దాన్ని శాసనాలు, నాణేలు, సంస్కృతాంధ్ర కావ్యాలు, పోర్చుగీసు కాగితాలు అన్నీ కలిపి ఒక పెద్ద గ్రంథంగా కూర్చినవాడు ఈ పాదిరీ.

2022లో జిల్లాలు మారి మనం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాము. మనలో కొందరికి అది ఇంకా మింగుడుపడలేదు, నాకు తెలుసు. ఒక్క లాభం మాత్రం ఉంది. చంద్రగిరి ఇప్పుడు మన జిల్లాదే. నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి మీదుగా పోతే ఒక్క పూట ప్రయాణం.

ఆ చంద్రగిరికి 1598లో జెస్యూట్ ఫాదర్లు వచ్చారు. అప్పుడు రెండవ వేంకటపతిరాయలు ఏలుతున్నాడు. ఆయన స్వయంగా పరమ వైష్ణవుడు, తిరుమల వేంకటేశ్వరుని భక్తుడు. తిరుమల గుడిలో ఆయన ప్రతిమ ఇప్పటికీ ఉంది. ఆయనే ఈ ఫాదర్లను ఆదరించి, గుడి కట్టుకోవటానికి అనుమతి ఇచ్చాడు. వారిలో రీచ్చీ అనే ఆయన కూర్చుని తెలుగు నేర్చుకున్నాడు. తెలుగును ఆ ఉత్తరాల్లో వాళ్లు బడగ భాష అన్నారు, ఉత్తరాదివారి భాష అని అర్థం. రూబీనో అనే ఇంకొకాయనకు గణితము, ఖగోళము వచ్చు. వీళ్లు కాక రాజుగారికి బొమ్మలు వేసి చూపటానికి చిత్రకారులు కూడా వచ్చారు. ఒకాయన అలెగ్జాండర్ ఫ్రే, మరొకాయన ఫొంటెబోనా అనే ఇటలీవాడు. తిరుమల కొండ కింద, వైష్ణవ రాజు కొలువులో, ఒక ఇటలీ చిత్రకారుడు కుంచె పట్టుకుని క్రీస్తు చరిత్రను బొమ్మలుగా గీస్తుంటే రాజు కూర్చుని చూడటం! నేను ఇది మొదటిసారి చదివినప్పుడు కాసేపు పుస్తకం పక్కన పెట్టేశాను.

ఇవన్నీ హెరాస్‌కు ఎలా తెలిశాయి? జెస్యూట్లకు ఒక పద్ధతి ఉంది. ప్రతి చోటి నుంచి ఏడాదికొకసారి పైవారికి ఉత్తరం రాయాలి. మనం సాలుసరి నివేదిక పంపినట్లే. మన నివేదికలు ఏ బీరువాలో చెదలు పట్టాయో దేవుడికెరుక గానీ, వాళ్లవి మాత్రం భద్రంగా ఉన్నాయి. పోర్చుగీసు, లాటిన్, ఇటాలియన్ భాషల్లో ఉన్న ఆ కాగితాలను చదవగలిగి, ఇటు మన శాసనాలను కూడా పట్టించుకోగలిగినవాడు అప్పట్లో దాదాపు ఈయన ఒక్కడే.

ఇక్కడ వెంకటగిరి ప్రస్తావన చేయకపోతే ఈ సభలో వెంకటగిరి నుంచి వచ్చినవారు నన్ను క్షమించరు. వేంకటపతిరాయలు 1614లో పోయాడు. వారసుల కోసం పెద్ద గొడవ జరిగింది. జగ్గరాయడు కొత్త రాజును, ఆయన కుటుంబాన్ని చెరలో పెట్టించి, చివరకు చంపించాడు. ఒక్క పిల్లవాడు మాత్రం మిగిలాడు. వెలుగోటి యాచమ నాయుడు ఒక చాకలి చేత, బట్టల మూటలో పెట్టించి, ఆ పిల్లవాణ్ణి కోట దాటించాడు. ఈ యాచమ నాయుడు మన వెంకటగిరి రాజుల పూర్వీకుడు. ఈ మూట కథ మనకు వివరంగా దక్కింది ఒక పాదిరీ రాసిన ఉత్తరం వల్లనే. బర్రదాస్ అనే జెస్యూట్ 1616లో కొచ్చిన్ నుంచి రాశాడు. దాన్ని 1900లో రాబర్ట్ స్యూయెల్ దొర తన విజయనగర చరిత్రలో అచ్చువేశాడు. ఆ చాకలి పేరు మాత్రం ఎవరూ రాయలేదు. ప్రాణాలకు తెగించి రాజవంశాన్ని మోసుకొచ్చినవాడి పేరు లేదు, చంపించినవాడి పేరు ఉంది. చరిత్ర కాగితాలు ఇంతే.

హెరాస్ తన పుస్తకాన్ని 1614 దాకా తెచ్చి మొదటి సంపుటం అన్నాడు. రెండవ సంపుటం అచ్చు కాలేదు. యాచమ నాయుడి ఘట్టం ఆయన చేతిలో ఎట్లా ఉండేదో అని నాకు కొరతగానే ఉంటుంది.

ఆయన కేవలం రాజుల లెక్కలు రాసేవాడు కాదు. బొమ్మలు, శిల్పాలు, కట్టడాలు చూసి చరిత్ర చెప్పేవాడు. మధుర పుదుమండపంలోని నాయక రాజుల విగ్రహాల మీద వ్యాసం రాశాడు. అక్బరు సభలో మత చర్చలను చూపే మొగలాయి చిత్రాల మీద రాశాడు. గోవాలో పోర్చుగీసువారికి పూర్వం ఉన్న కట్టడాల శిథిలాల మీద రాశాడు. ఒక పాదిరీ, అందులోనూ యూరపు వాడు, పోర్చుగీసు రాకముందు గోవాలో ఏముండేదని వెతకడం గమనించండి. పల్లవుల మీద ఒక పుస్తకం ఉంది. మొహెంజొదారో లిపి ద్రావిడ భాషదని వాదించాడు. ఆ ముద్రల మీది చేప గుర్తును మీన్ అని చదవాలి, తమిళంలో మీన్ అంటే చేప, నక్షత్రం కూడా, కాబట్టి అక్కడ నక్షత్రమని అర్థం అన్నాడు. ఆయన చదివిన చదువునంతా పండితులు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవటమే సబబు కూడా, మరీ ధారాళంగా చదివేశాడు. ఆ చేప సంగతిని మాత్రం తరువాతి పండితులు వదిలిపెట్టలేదు.

శిల్పాలు, నాణేలు, దంతపు బొమ్మలు సేకరించి కాలేజీలో పెట్టాడు. గోవా చిత్రకారుడు ఆంజెలో ద ఫొన్సెకాను ప్రోత్సహించాడు. ఫొన్సెకా శాంతినికేతనంలో నేర్చినవాడు, మరియమ్మకు చీర కట్టి బొమ్మ వేశాడు. ఆ రోజుల్లో స్వస్థలంలోనే చాలామందికి కోపం వచ్చింది. ఆయన పూణే చేరుకున్నాడు. ఇవాళ వేళాంగణ్ణి మాతకు పట్టుచీర కట్టి ఉంటే మనం చూసి దండం పెట్టుకుంటాము, ఎవరికీ వింతగా ఉండదు. ఆ రోజు ఆ చీర వెనకాల నిలబడిన కొద్దిమందిలో హెరాస్ ఒకడు.

1955లో బొంబాయిలోనే కన్నుమూశాడు. ఆయన సంస్థకు ఆయన పేరే పెట్టారు. 1981లో మన తపాలా శాఖ ఆయన బొమ్మతో ముప్ఫై అయిదు పైసల బిళ్ల విడుదల చేసింది. తపాలా శాఖలో పనిచేసిన మిత్రులు ముందు వరుసలోనే ఉన్నారు, ఆ బిళ్ల మీద ముద్ర కొట్టి ఉంటారు, ఎవరి బొమ్మో చూసి ఉండరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈనాడు చంద్రగిరికి వెళితే రాజమహలు ఉంది, రాణీమహలు ఉంది. జెస్యూట్లు నిలిపిన గుడి మాత్రం కనబడదు. ఉత్తరాల్లోనే ఉంది. చిత్రాలూ అంతే. రాజమహలు ఎందుకు నిలిచిందో నా బోటివాడు చెప్పగలడు, ఎందుకంటే నేను రోడ్లు భవనాల శాఖలో బతుకంతా గోడలు చూసినవాణ్ణి. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మేడ అది. కొయ్య లేదు కాబట్టి చెదలకు పనిలేదు. పురావస్తు శాఖ అధీనంలో ఉంది కాబట్టి గునపానికి పనిలేదు.

సున్నం అనగానే మన ప్రళయకావేరి గుర్తుకు రావాలి. పులికాట్ అని పటాల్లో రాస్తారు గానీ ఈ పక్క పెద్దలకు అది ప్రళయకావేరి. నేలపట్టుకు కొంగలు చూడటానికి వచ్చేవాళ్లకు ఆ చెరువంటే పక్షులే. మనకు పక్షులతో పాటు గుల్ల కూడా. చెరువు అడుగున గుల్ల పొరలు పొరలుగా ఉంటుంది. దాన్ని తీసి, కడిగి, బొగ్గుతో కలిపి బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగబెడితే గుల్లసున్నం. రాతిసున్నం కంటే తెల్లన, మెత్తన. మద్రాసు పట్నంలో దొరల మేడలకు పాలరాయిలాగా మెరిసే పూత ఉండేదే, అది గుల్లసున్నంతో చేసిందే. ఇసుకతో కలిపి గానుగలో ఎద్దులతో తిప్పి రుబ్బేవారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. పైపూతకు కోడిగుడ్డు తెల్లసొన. పిల్లలు నవ్వుతున్నారు. నిజమే చెబుతున్నాను.

దీని గుణమేమిటంటే, తడిపిన సున్నం ఆరుతూ గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఏ గుల్లగా మొదలైందో చివరికి రసాయనంగా అదే పదార్థమవుతుంది. ఆ పని ఏళ్లతరబడి జరుగుతుంది. అట్లా అయిన గోడకు సన్నటి రంధ్రాలుంటాయి. పునాది నుంచి ఎక్కిన చెమ్మ బయటికి ఆవిరైపోతుంది. గోడ ఊపిరి తీసుకుంటుందని మేస్త్రీలు అనేది అందుకే. దాని మీద సిమెంటు పూత పూశారనుకోండి, చెమ్మకు దారి మూసుకుపోతుంది. మన సముద్రపు గాలిలో ఉప్పు ఉంది. ఆ ఉప్పు నీటితో కలిసి లోపలే పేరుకుని ఇటుకను పిండి చేస్తుంది. పైకి సిమెంటు నున్నగా, గట్టిగా కనిపిస్తుంటుంది, లోపల ఇటుక రాలిపోతుంటుంది. నాలుగేళ్లకు పెచ్చులూడితే, పాత గోడ కదండీ పోయింది అంటారు. పోగొట్టింది పాతదనం కాదు, కొత్త పూత.

గోవాలో బోం జేసూ గుడి సంగతి దీనికి దగ్గరగా ఉంటుంది. శౌరివారి దేహం ఉన్న గుడి అది. 1986 నుంచి ప్రపంచ వారసత్వ కట్టడాల్లో ఉంది. ఎర్రరాతి గోడలకు మొదట సున్నపు పూత ఉండేది. 1950లలో పోర్చుగీసు హయాములోనే, పాతగా కనిపిస్తే అందంగా ఉంటుందని ఆ పూత పీకేశారు. ఆ రాయి మెత్తన, పైన తొడుగు లేకపోతే వానకు అరుగుతుంది. 2020లో ఆ గుడి పెద్ద ఫాదరు గారు, మా గుడి అరిగిపోతున్నది, పూత మళ్లీ వేయండి అని బహిరంగంగా మొరపెట్టుకోవలసి వచ్చింది. ఎర్రగా ఉంటేనే బాగుంటుందని జనానికి అలవాటైపోయింది మరి. అదే గోవాలో 1994లో రాషోల్ సెమినరీలో క్రైస్తవ కళలకు ఒక మ్యూజియం పెట్టి, 2002లో పాత గోవాకు మార్చారు. పల్లెల గుళ్లలో మూలన పడి ఉన్న కొయ్య బొమ్మలు, వెండి సామాన్లు అట్లా కొంత దక్కాయి.

మన తెలుగుదేశంలో కూడా చూడదగినవి లేకపోలేదు. ఫిరంగిపురం బాలయేసు దేవాలయం 1890 ప్రాంతపుది. మెదక్ చర్చి కథోలికులది కాదు గానీ, 1914 నుంచి 1924 దాకా కట్టారు, కరువు రోజుల్లో పనికి వచ్చినవారికి అన్నం పెట్టి కట్టారని చెబుతారు. ఇటువంటివాటికి పేరుంది, యాత్రికులు వస్తారు, కాబట్టి ఎవరో ఒకరు చూసుకుంటారు. పేరు లేనివాటి మాటేమిటి?

చట్టం ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం, 1960 నాటి మన రాష్ట్ర చట్టం. అవి ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తాయి. గెజిట్‌లో పేరెక్కని గుడిగానీ, మసీదుగానీ, చర్చిగానీ పడగొడితే అడిగేవాడు లేడు. మనమైతే ఏడాదికొకసారి వెళ్లి బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తాము. వేలిముద్ర పడకపోతే కన్ను చూపిస్తాము. ఈ కట్టడాల తరఫున అంతపాటి సర్టిఫికెట్ ఇచ్చేవారు కూడా లేరు.

మన మండలానికి అవతల ఒక ఊరుంది, పేరు చెప్పను, ఎందుకంటే వ్యవహారం ఇంకా నడుస్తున్నది. అక్కడొక చిన్న కథోలిక గుడి. రెండడుగుల మందం గోడలు, పైన బంగళా పెంకు. నిరుడు వానాకాలం తరువాత ఆ గుడి పెద్ద మా ఇంటికి వచ్చాడు. ఆయన నాకన్న నాలుగేళ్లు పెద్ద, అయినా నన్ను సారనే అంటాడు.

"సారూ, పడగొట్టేదానికి ఎంతవుతాదో, స్లాబు ఏసేదానికి ఎంతవుతాదో మీరొక కాయితం రాసీండి" అన్నాడు.

"ఎందుకు పడగొట్టడం?" అన్నాను.

"వానొస్తే కారతా ఉండాది సారూ. గోడకి చెయ్యి పెడితే రాలతా ఉండాది. మా తాతలు గంపలతో గుల్ల మోసుకొచ్చి కట్టినారంట. మాకు మాత్రం బాధ లేదా? పిల్లోళ్లు ఒప్పుకోరు. పక్కూళ్లో టైల్సేసి ఏసీ పెట్టినారు, మనది చూడు అంటారు."

వెళ్లి చూశాను. కారేది పెంకులు పగిలినచోట, కింద రీపర్లు చివికినచోట. దూలాలు టేకువి, ఇంకా గట్టిగా ఉన్నాయి. రాలేది కిందినుంచి నాలుగడుగుల దాకా, సరిగ్గా సిమెంటు పూత పూసినంత మేరకు. ఆ పైన పాత సున్నం అట్లాగే ఉంది, గోరు దిగదు. ఒక మూల రావిమొక్క వేరు పెట్టింది, అది కోస్తే పోదు, వేరుతో తీయాలి. ఇదీ రోగం. ఈ మాత్రానికి మనిషినే తీసేస్తామా?

ఆయనకు రెండు ఎస్టిమేట్లు రాసిచ్చాను, ఒకటి పడగొట్టి కట్టడానికి, ఒకటి బాగుచేయడానికి. బాగుచేయటానికయ్యేది కొత్తదానికయ్యే దానిలో నాలుగోవంతు కూడా రాలేదు. అయినా ఊళ్లో కుర్రవాళ్లది అన్యాయం అని నేననను. వానలో తడుస్తూ పూజ వినేది వాళ్లు. పెళ్లిళ్లకు చోటు చాలదు, అది నిజం. పాతదాన్ని ఉంచి పక్కన ఒక షెడ్డు వేసుకోవచ్చునని చెప్పాను. ఆలోచిస్తామన్నారు. హెరాస్ వంటి గురువులు ఆ గుడికి ఉంటే ఒక్క మాటతో తీరేది. ఇప్పుడున్న ఫాదరుగారు కుర్రాడు, మంచివాడు, పుస్తకాల మీద ఇష్టం ఉన్నవాడు. ఆరవీటి పుస్తకంలోని చంద్రగిరి ప్రకరణం నకలు తీసి ఇచ్చాను. రెండుసార్లు చదివానని ఫోను చేశాడు.

మన సంఘం చేయగలిగింది ఒకటుంది. 1905లో బటర్‌వర్త్ దొర, వేణుగోపాల్ చెట్టిగారు కలిసి నెల్లూరు జిల్లా శాసనాలన్నీ మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఉద్యోగాలు చేసుకుంటూనే చేశారు. మనకు ఉద్యోగం కూడా లేదు, తీరికే తీరిక. మన మధ్యన సర్వే శాఖవారున్నారు, పంతుళ్లున్నారు, రెవిన్యూవారున్నారు. మండలంలో డెబ్బై ఎనభై ఏళ్లు దాటిన ప్రతి కట్టడానికి ఒక పేజీ చొప్పున రాద్దాం. గుడి, దర్గా, చర్చి, బావి, సత్రం, ఏదైనా సరే. ఎక్కడుంది, దేనితో కట్టారు, కొలతలెంత, ఎవరు చూసుకుంటున్నారు, దాని గురించి ముసలివాళ్లు ఏమంటారు. నాలుగు పక్కల నుంచి నాలుగు ఫోటోలు. ఫోటోలకు మనుమళ్లున్నారు, వాళ్ల చేతిలో ఎట్లాగూ ఫోన్లుంటాయి. మన ఊరి పేరులోనే సత్రం ఉంది గనుక మొదటి పేజీ దానికే కేటాయించమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

ఆ ఊళ్లో వచ్చే ఆదివారం పూజ అయిన తరువాత కూర్చుని తేల్చుకుంటారట. పూజ ఎనిమిదిన్నరకు ముగుస్తుంది, నన్ను తొమ్మిదికి రమ్మన్నారు. సున్నపు పని వచ్చిన ఒక ముసలి మేస్త్రీని సూళ్లూరుపేట నుంచి వెంటబెట్టుకు వెళుతున్నాను. ఆయన గానుగ తిప్పిన చేతులవాడు. ఆటోలో ఇంకా ఇద్దరికి చోటుంది. రాదలచినవారు ఈ సభ అయిపోగానే నాతో చెప్పండి.